పదమూడో దెబ్బ

‘కరువు మండలం’ బ్యాండు చెడిపోయిందని ఈ జిల్లాలో అందరికంటే ముందు కనిపెట్టినవాణ్ణి నేనే. కొత్త ఆల్బం ‘నీడపట్టు’ విడుదలైన పదకొండు నిమిషాలకు వాట్సాప్ గ్రూపులో రాశాను: "అయిపోయింది. మనవాళ్ళు కూడా పెళ్ళి వీడియోలకు పాటలు కట్టడం మొదలుపెట్టారు." పదకొండు నిమిషాల్లో ఆల్బం మొత్తం ఎలా విన్నావని కొందరు అడిగారు. నా ఉద్యోగం హిందూపురం పక్కన ఒక ఫ్యాక్టరీలో బోల్టుల నాణ్యత చూడడం. పెట్టెలోంచి మూడు బోల్టులు తీసి చూసి పెట్టె మొత్తాన్ని వెనక్కి పంపుతుంటాను. ఆ లెక్కన రెండున్నర పాటలు విని తీర్పు చెప్పడమంటే నేను చాలా ఓపిక పట్టినట్టే.

బ్యాండు గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. వాళ్ళు వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్. అంటే పాట పద్నాలుగు నిమిషాలుంటుంది. తాళం నాలుగు నాలుగుగా సాఫీగా నడవదు. ఏడు మీదో, పదకొండు మీదో కుంటుతూ, దూకుతూ పోతుంది. గొంతు పాడదు, గర్జిస్తుంది. మొదటిసారి విన్నవాడికి తలనొప్పి రావాలి. తలనొప్పికి భయపడేవాళ్ళు బయటికి పోవడానికే ఆ ఏర్పాటు. గర్జించేవాడు, గిటారు వాయించేవాడు హిందూపురం సాల్మన్. డ్రమ్స్ ధర్మవరం కేశవ. మిగతా ఇద్దరూ ఏడాదికొకసారి మారిపోతుంటారు కాబట్టి వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకునే పని నేను పెట్టుకోలేదు.

వాళ్ళను పైకి తెచ్చిన పాట ‘పదమూడు’. ఆ పాటను పైకి తెచ్చింది నేను. ఇందులో గొప్పలు చెప్పుకోవడానికేం లేదు, జరిగింది చెబుతున్నాను. ఆ పాటలో పన్నెండు దెబ్బలు పడ్డాక పదమూడోది పడదు. డ్రమ్స్ ఒక్క దెబ్బంత సేపు ఆగిపోతాయి. హాలంతా ఊపిరి బిగబడుతుంది. తరవాత మళ్ళీ ఒకటి నుంచి మొదలు. దాని మీద ముప్పై ఎనిమిది నిమిషాల వీడియో చేశాను. పన్నెండు దెబ్బలంటే మన సీమ పడిన పన్నెండు కరువులనీ, ఖాళీగా వదిలిన పదమూడోది మబ్బు కమ్మి, ఆశ పెట్టి, కురవకుండా పోయిన సంవత్సరమనీ వివరించాను. నలభై వేల మంది చూశారు. బెంగళూరు నుంచి ఒకాయన ఏడ్చానని రాశాడు. మా సీమవాళ్ళకు ఖాళీ గిన్నె చూపించినా కరువే, నిండు గిన్నె చూపించినా పోయినేటి కరువే. పైగా బ్యాండు పేరు ‘కరువు మండలం’. ఎవరు కాదంటారు? బ్యాండు కూడా కాదనలేదు.

ఆ పదమూడో ఖాళీ దగ్గర అభిమానులందరూ కుడిచెయ్యి పైకెత్తి, మబ్బును చూసినట్టు కదలకుండా నిలబడాలని ఆచారం పెట్టింది కూడా నేనే. గ్రూపులో చేరాలంటే ఆ పాటకు లెక్క తప్పకుండా చెయ్యెత్తిన వీడియో పంపాలి. తొమ్మిదో దెబ్బకే చెయ్యెత్తిన వెధవలను ఎందరినో తిరగ్గొట్టాను. అయినా లోపలికి వచ్చినవాళ్ళలో సగంమంది పక్కవాడి చెయ్యి చూసి ఎత్తే రకమేనని నాకు తెలుసు. నా గ్రూపు మీద నాకు పెద్ద భ్రమలేం లేవు.

వీడియో కోసం ఒకసారి ధర్మవరంలో కేశవ ఇంటికి వెళ్ళాను. నేతగాళ్ళ ఇల్లు. నడిమింట్లో మగ్గం. కేశవ తండ్రి నాగభూషణం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీర నేస్తున్నాడు. టకటకమని ఒకటే గోల. మైకులో కేశవ గొంతు కంటే ఆ చప్పుడే ఎక్కువ పడుతోంది. చివరికి మగ్గం ఆపమని అడగాల్సి వచ్చింది. ముసలాయన మారుమాట్లాడకుండా ఆపేసి, అరగంటసేపు గుంటలోనే కూర్చున్నాడు. మొదట్లో చప్పుడు పడిన ముక్కను కత్తిరించి మిగతాది వాడుకున్నాను.

"పదమూడు ఎట్ల తట్టింది నీకు?" అని అడిగితే కేశవ నవ్వి, "ఏమో అబ్బా, చిన్నప్పట్నుంచీ తలకాయలో ఉండాది" అన్నాడు. కళాకారులకు తాము చేసింది ఏమిటో తెలియదు. చెప్పడానికి మాలాంటివాళ్ళం కావాలి.

అలాంటి బ్యాండు ‘నీడపట్టు’ తెచ్చింది. తొమ్మిది పాటలు. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు. తాళం మొదటి నుంచి చివరిదాకా నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బాలవాడి పిల్లలు కూడా లెక్కపెట్టొచ్చు. సాల్మన్ గర్జించడం మానేసి, పక్కింట్లో పసిపిల్ల నిద్రపోతున్నట్టు మెల్లగా పాడతాడు. మొదటి పాట పేరు కూడా ‘మెల్లగా’నే.

దాంతో అభిమానులు రెండుగా చీలిపోయారు. పాతవాళ్ళకు నేను. కొత్తవాళ్ళకు పెనుకొండ పవిత్ర. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నాలుగు దాటిన లెక్క అక్కర్లేని లెక్కల టీచరును ఈమెనే చూశాను. ‘మెల్లగా’ విని ఏడుపొచ్చిందని ఆమె గ్రూపులో రాసింది. ఏడుపు రావడమే కొలత అయితే ఉల్లిగడ్డ మీద ఆల్బం చేయించుకోవచ్చని నేను రాశాను. ఆమె మరో గ్రూపు పెట్టుకుంది. మూడు వారాల్లో నా గ్రూపు కంటే పెద్దదైంది. నాలుగు వరకు లెక్కపెట్టగలిగిన వాళ్ళు దేశంలో ఎక్కువమంది ఉంటారు, అందులో వింతేముంది?

కొత్త ఆల్బం మొదటి ప్రదర్శన పెనుకొండలో పెట్టారు. ధర్మవరం నుంచీ హిందూపురం నుంచీ రైల్లో రావడానికి వీలని పవిత్ర ఏర్పాటు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఒక కళ్యాణ మండపంలో. సాయంత్రం అందులోనే రిసెప్షన్ ఉందట. మెటల్ బ్యాండు చివరికి ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది.

గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనం చేస్తుంటే కేశవ ఫోన్ చేశాడు. రెండేళ్ళుగా తను నాకు ఫోన్ చేసింది లేదు.

"ఏమబ్బా హరిప్రసాద్, ఆదివారం వస్తాండావా?"

"వస్తాండా. అరవైమంది వస్తాండాము."

"రాండి. తిట్టండి, అరచండి, మీ ఇష్టం. ఒక్కటి మాత్రం అడగాల నిన్ను. నాయన వస్తాండాడు. నేను వాయించేది ఆయన ఎప్పుడూ చూళ్ళేదు. ఇదే మొదలు. ఆ పొద్దు ‘పదమూడు’ అడగొద్దండి."

"ఏం, ఆయనకు నచ్చదా?"

"నచ్చేదీ నచ్చంది కాదులే. ఆయన ముందర ఆ పాట వాయించలేను. ఇంగ ఎప్పటికీ వాయించదల్చుకోలే."

"కారణం చెప్పు మరి."

"చెప్తే దాని మీద ఇంగో వీడియో చేస్తావు నువ్వు" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పాటను నలభై వేలమందికి విడమరిచి చెప్పిన మనిషితో మాట్లాడే తీరా ఇది? పాట వాడిది మాత్రమేనా? నా కుడిచేతి మీద పన్నెండు గీతలు పచ్చబొట్టు పొడిపించుకున్నాను, పదమూడో గీత చోట ఖాళీ వదిలి. మూడేళ్ళు ఆ ఖాళీని జనానికి నేర్పాను. ఇప్పుడు వాళ్ళ నాయనకు చెవి నొప్పెడుతుందని పాటనే పాతిపెడతాడట. ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టాను: "ఆదివారం మన కోరిక ఒక్కటే. ‘పదమూడు’. వాయించేదాకా కూర్చోవద్దు. వాయించకపోతే అందరం ఒకేసారి బయటికి వచ్చేద్దాం." యాభై ఎనిమిది బొటనవేళ్ళు పైకి లేచాయి. ఏం రాసినా లేస్తాయి అవి.

ఆదివారం మండపంలో కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగి, వెనక రిబ్బన్లు కట్టి ఉన్నాయి. వేదిక వెనక సాయంత్రం పెళ్ళివాళ్ళ పేర్లు థర్మాకోల్ అక్షరాల్లో వేలాడుతున్నాయి. కొత్త అభిమానులు సంసారపక్షంగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒకామె కారం బొరుగులు తెచ్చుకుంది. మేం అరవైమందిమి నల్ల చొక్కాల్లో వెనకగోడకు ఆనుకుని నిలబడ్డాం.

ముందు వరసలో నాగభూషణం కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. కుడికాలు ముందుకు చాపి పెట్టుకున్నాడు. పక్కన ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ, రెండు చెవుల్లోనూ దూది. పవిత్ర వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది. దూది పెట్టుకునేవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి మెటల్ వాయించడం అనే దృశ్యాన్ని నేను ఫోన్లో వీడియో తీశాను, పనికొస్తుందని.

‘మెల్లగా’ మొదలుపెట్టారు. ముసలాయన కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. తరవాత కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. భార్య వైపు తిరిగి ఏదో చెప్పి నవ్వాడు. వేదిక మీద కేశవ వాళ్ళ నాయన వేళ్ళనే చూస్తూ, తనూ నవ్వుతూ వాయిస్తున్నాడు. జీవితంలో ఒక్క మెటల్ పాట వినని మగ్గం మనిషికి మొదటిసారికే అర్థమైపోయిందంటే ఆ సంగీతం ఎంత దిగజారిందో వేరే చెప్పాలా? పక్కవాడితో ఆ మాటే అన్నాను. పక్కవాడు పగలబడి నవ్వాడు.

మూడో పాట అయ్యాక నేను మొదలుపెట్టాను: "పదమూడు. పదమూడు." అరవై గొంతులు అందుకున్నాయి. పవిత్ర మా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా హరిప్రసాద్, పెద్దాయన వచ్చిండాడు. ఈ ఒక్క పొద్దుకు ఊరుకోండప్పా."

"పెద్దాయనకు ఈడేం పని? ఆయన్ను ఇంటికి తోల్కపోండి."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "నీకు పాట మీద ప్రేమ ల్యా. ఆ చెయ్యెత్తేదాని మీద ఉండాది" అని వెళ్ళిపోయింది. టీచర్లకు ఇలాంటి మాటలు బాగా వస్తాయి.

సాల్మన్ కేశవ వైపు చూశాడు. కేశవ తల అడ్డంగా ఊపాడు. మేం అనుకున్నట్టే వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచాం. సగం హాలు ఖాళీ అవుతుంటే ఏ పాటగాడైనా ఎంతసేపు తట్టుకుంటాడు? నేను గుమ్మం దాటకముందే సాల్మన్ గిటారు మీద ‘పదమూడు’ మొదలుపెట్టేశాడు. మా వాళ్ళు కేకలు పెడుతూ వెనక్కి పరుగెత్తుకొచ్చి, కుర్చీల ముందుకు, వేదిక దాకా పోయారు. కేశవ మాత్రం కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గిటారు రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు అతను కర్రలు తీసుకున్నాడు.

నేను వేదిక పక్క మెట్టు ఎక్కి, జనం వైపు ఫోన్ పెట్టాను. నాకు కావలసింది ఆ అరవై చేతులు. పన్నెండు దెబ్బలు పడ్డాయి. పదమూడో ఖాళీ వచ్చింది. చేతులన్నీ ఒక్కసారి లేచి నిలిచిపోయాయి. ఆ చేతుల కింద, ఫోన్ తెర మీద, నాగభూషణం కనిపించాడు. రెండు చేతులూ కుడి మోకాలి కిందికి పెట్టి కాలును పైకెత్తుకుంటున్నాడు.

మొదట ఏదో సర్దుకుంటున్నాడనుకున్నాను. మళ్ళీ డ్రమ్స్ మొదలయ్యాయి. ఆయన కుడిపాదం నేలను తొక్కింది. చెయ్యి గాలిలో అటు పోయింది. రెండో చెయ్యి తన వైపుకు లాగి గుద్దింది. తొక్కడం, చెయ్యి, గుద్దడం. మూడు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. పన్నెండు. పన్నెండు కాగానే రెండు చేతులూ మోకాలి కిందికి పోయాయి. కాలును ఎత్తి, సర్ది, మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఖాళీ. అరవై చేతులు దాని మీద లేచాయి.

నా గ్రూపులో ఏ ఒక్కడూ అంత కచ్చితంగా లెక్కపెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆయన డ్రమ్స్‌ను వెంబడించడం లేదు. వెంట్రుకవాసి ముందున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదాలు బిగబట్టి ఉన్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఆయన తొడ మీద చెయ్యి వేసి గట్టిగా కిందికి అదిమి పట్టుకుంది. అయినా కాలు ఆగలేదు. కేశవ మమ్మల్ని చూడడం లేదు. ఆ కాలునే చూస్తూ వాయించాడు, ఏడుస్తూ.

పద్నాలుగు నిమిషాల పాట. నిడివి తక్కువైతే ఒప్పుకోనిది నేనే.

అయ్యాక మా వాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తబోతే వదిలించుకుని బయటికి వచ్చాను. మండపం మెట్ల మీద నాగభూషణం కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. కేశవ ఆటో కోసం చూస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"కేశవా, నాకేం తెలుసు?" అన్నాను.

"తెలీదులే. నీకు కరువు తప్ప ఏం తెలీదు" అన్నాడు. గొంతు పెంచలేదు. "మగ్గం పైన పువ్వులేసే జకార్డు పెట్టె బరువంతా కుడికాల్తో తొక్కి ఎత్తల్ల. మోకాలు అరిగిపాయ. నాలుగు సార్లు తొక్కితే ఐదోసారికి లెయ్యదు. చేత్తో ఎత్తిపెట్టుకుంటాడు. ఆ చప్పుడు వింటా పెరిగినా నేను. అట్లనే వచ్చింది నాకు. రెండేండ్ల కింద మోటారు పెట్టిస్తిమి మగ్గానికి. ఇప్పుడు కాలు ఆనిస్తే చాలు, అదే ఎత్తుతాది. యాడా ఆగకుండా నాలుగు నాలుగుగా పోతాంటాది మగ్గం. మొదటి దినం ఆ చప్పుడు విని మా యమ్మ, నేను ఇద్దురమూ ఏడిస్తిమి. ‘నీడపట్టు’ అంతా ఆ చప్పుడే. దాన్ని నాయనకు వినిపిద్దామని పిల్చుకొస్తి."

నాగభూషణం తల ఎత్తాడు.

"ఇంతమందికి నా కుంటు తెల్సిపాయనా?" అన్నాడు కొడుకుతో. "మోకాలు పోయిందని తెలిస్తే షావుకారి పని ఈయడని ఎవురికీ చెప్పలేదే నేను. మీ యమ్మకు తప్ప. నువ్వు యాడ విన్న్యావురా?" మందలింపు కాదు, సిగ్గు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు మా ఇంటికొచ్చిన అబ్బివి గదా? మైకు తెచ్చినావు." నవ్వాడు. "చానా పుణ్యం కట్టుకున్నావు నాయనా ఆ పొద్దు. పనిరోజు మగ్గం ఆపమన్న మనిషి అంతవరకూ లేడు నాకు. అరగంట కాలికి ఎంత సుకమో."

ఆటో వచ్చింది. ఆయన రెండు చేతులతో కాలును ఎత్తి లోపల పెట్టుకున్నాడు. పవిత్ర చెయ్యి ఆసరా ఇచ్చింది. నేను నిలబడి చూశాను.

హిందూపురం రైలు నాలుగున్నరకు. మా వాళ్ళు పెట్టె నిండా కూర్చుని పాట పాడుకుంటూ, ఖాళీ దగ్గర చేతులెత్తుతూ వస్తున్నారు. ఒకడు తొమ్మిదో దెబ్బకే ఎత్తాడు. ఫోన్లో గ్రూపు మోగిపోతోంది. ‘అడ్మిన్, గెలిచాం.’ ‘వచ్చే ప్రదర్శనకు కూడా ఇదే పద్ధతి.’ ‘ముందు వరసలో ఎవరో తాత కూడా ఊగిపోయాడు, చూశారా?’

నేను పనికిరాని బోల్టులను కూడా నెలల తరబడి దాచి ఉంచే మనిషిని. ఆ ధర్మవరం ఇంటర్వ్యూలో కత్తిరించిన ముక్క ఫోన్లోనే ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెరిచాను. గోల. టకటకమని ఒకటే గోల. లెక్కపెట్టాను. తొక్కుడు, పోగుతో అటు దూకే నాడె, నేతను బిగించే అచ్చు దెబ్బ. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. ఖాళీ. ఆ ఖాళీలో, ఎంతో సన్నగా, ముసలాయన ఊపిరి పీల్చుకున్న చప్పుడుంది. మళ్ళీ మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. ఖాళీ. పక్కన కేశవ ఏదో చెప్పబోతున్నాడు. దాని మీదికి నా గొంతు వచ్చింది, విసుగ్గా.

"పెద్దాయనా, ఆ చప్పుడు రోంత ఆపుతారా? ఈడ మేము పాట గురించి మాట్లాడుకోవల్ల."

మగ్గం ఆగిపోయింది.